సూదుల రిజిస్టరులో కన్నం

కిందటివారం కథలో కాజాలమ్మాయిని ఏడిపించి ఇంటికి పంపినందుకు నామీద చాలామందికి కోపం వచ్చింది. అయస్కాంతం మేడంని వెంటనే ఉద్యోగంలోంచి ఊడబెరకమని ఒకావిడ కార్డు ముక్క కూడా రాసింది. ఊడబెరకను. ఎందుకో ఈ వారం చదివాక మీరే ఒప్పుకుంటారు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. అది చిన్నపిల్లల గౌన్లు కుట్టే ఫ్యాక్టరీ. నూట పది మెషిన్లున్న పొడుగాటి హాలు. అక్కడ ఎవరినీ పేరుపెట్టి పిలవరు, ఎవరేం కుడితే అదే పేరు. కాలర్లు కుట్టే ఆవిడ కాలర్లక్క, కాజాలు కుట్టే అమ్మాయి కాజాలమ్మాయి. రోజూ పని దిగే వేళకి కర్రకి అయస్కాంతం కట్టుకుని నేలంతా దువ్వుకుంటూ పోయే సూపర్‌వైజరు అయస్కాంతం మేడం. ‘మేడం’ ఎదురుగా, ‘అయస్కాంతం’ వెనకాల.

కాజాలమ్మాయికి తండ్రి ఇచ్చిపోయిన ఆస్తి ఒకటే, వాపు. ఉన్నట్టుండి ఒంట్లో ఎక్కడో ఒకచోట పొంగుతుంది. దురద ఉండదు, దద్దురు ఉండదు. చేతికొస్తే మూడు రోజుల్లో పోతుంది. గొంతుకొస్తే మాత్రం మూడు రోజులు ఆగదు. ఆవిడకి తొమ్మిదేళ్లప్పుడు తండ్రి పన్ను పీకించుకుని, వాచిన మూతితో వచ్చి, ‘తగ్గిపోతుందిలే’ అంటూ కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలోంచి మళ్లీ లేవలేదు. ఆ జబ్బుకో పేరుందని, దానికో ఇంజక్షన్ ఉందని తెలియడానికి ఆ ఇంటికి ఇంకో పదేళ్లు పట్టింది. డాక్టరమ్మ రెండు ఇంజక్షన్లు రాసిచ్చింది. ఎవరికి వాళ్లే పొట్టమీద ఎలా వేసుకోవాలో నర్సమ్మ నేర్పింది. మన అమ్మాయి గౌన్ల భుజాల్లో పెట్టే స్పాంజి ముక్కల మీద నెలరోజులు సాధన చేసింది. స్పాంజికి నొప్పి పుట్టదు గనక ధైర్యంగానే చేసింది. తన ఒంటిమీద మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా వేసుకోలేదు.

ఒక ఇంజక్షన్ ఇంట్లో స్టీలు డబ్బాలో పెట్టి, రెండోది పనికి తెచ్చుకుంది. అక్కడ వచ్చింది చిక్కు. ఆ హాల్లో రిజిస్టరులో ఎక్కని సూది ఉండకూడదు. మెషిన్ సూది విరిగితే దాని ముక్కలన్నీ ఏరి, పేజీమీద టేపు వేసి అంటించి, అప్పుడే కొత్తది ఇస్తారు. ఒక్క ముక్క తగ్గినా మొత్తం వరస ఆగిపోతుంది. పసిపిల్లల బట్టలు మరి, ఎక్కడ ఏ మెడలో గుచ్చుకుంటుందో. కాబట్టి అయస్కాంతం మేడం కిందటివారం ఏం చేసిందంటే, మందున్న సిరంజిని డబ్బాతో సహా ఆఫీసు గదిలోని మందుల పెట్టెలో పెట్టించింది. విడిగా చిన్న ప్లాస్టిక్ గొట్టంలో సీలుతో ఉన్న సూదిని తీసి, అలవాటు చొప్పున రిజిస్టరులో అంటించి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది. మందు ఆ చివర, సూది ఈ చివర. ఇలాంటి తెలివి ఆ ఫ్యాక్టరీవాళ్లకి తప్ప ఇంకెవరికీ రాదు.

ఇక గురువారంలోకి వద్దాం.

ఆ రోజు తనిఖీ. గౌన్లు కొనే కంపెనీ తరఫున ఒకావిడ వచ్చి హాలంతా చూసి సంతకం పెడితేనే సరుకు బయటికి కదులుతుంది. వారం రోజులుగా అందరూ అదనపు గంటలు చేశారు. అద్దాలు తుడిచారు, నూనె మరకలు గీకారు. అయస్కాంతం మేడం పొద్దున్నే రెండుసార్లు నేల దువ్వింది.

పది గంటల రెండు నిమిషాలకి, చేతిలో ఉన్న గౌనుకి మూడో కాజా పడుతుండగా, కాజాలమ్మాయికి నాలుక చివర ఏదో జలదరించింది. పట్టించుకోలేదు. పక్కన కాలర్లక్కతో దారం అందించమని అనబోతే మాట ముద్దగా వచ్చింది.

“ఏమే, పొద్దున్నే నోట్లో ఏం కుక్కుకున్నావ్?” అంటూ తిరిగిన కాలర్లక్క నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. “అయ్యో, నీ పెదవేంటే అలా ఉంది?”

కాజాలమ్మాయి కిటికీ అద్దంలో చూసుకుంది. కింది పెదవి ఒక పక్క లావెక్కి కిందికి జారింది. మింగి చూసింది. గుటక దిగింది గానీ దారిలో ఎవరో అడ్డం నిలబడ్డట్టుంది.

“ఉండు, నా సంచిలో ఎలర్జీ మాత్ర ఉంది.”

“వద్దక్కా. ఇది ఎలర్జీ కాదు. ఆ మాత్ర దీన్నేం చెయ్యలేదు. నువ్వు ఆఫీసు గదికి పరిగెత్తు. మందుల పెట్టెలో నా డబ్బా ఉంది, పట్టుకురా. జాగ్రత్త, కింద పడెయ్యకు.”

“మరి నువ్వు?”

“నేను సూది తెచ్చుకోవాలి.”

కాలర్లక్క తొంభై కిలోల మనిషి. ఆవిడ పరిగెత్తడం ఆ హాల్లో అంతకుముందు ఎవరూ చూడలేదు.

లేచేముందు ఒక్క క్షణం మన అమ్మాయికి ఒక ఆలోచన వచ్చిన మాట నిజం. తనిఖీ ఇంకో గంటలో అయిపోతుంది కదా, అంతదాకా ఓర్చుకుంటే పోలా? ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆ ఆలోచన సగంలో ఉండగానే అది ఎవరి గొంతో గుర్తుపట్టింది. తండ్రిది. అదే మెత్తటి గొంతు, అదే ‘తగ్గిపోతుందిలే’. మెషిన్ ఆపేసి, కట్టని కట్ట అలాగే వదిలేసి నడిచింది. అలా కట్ట వదిలేసి లేవడం కూడా అక్కడ నేరమే.

అయస్కాంతం మేడం బీరువా ముందు నిలబడి రిజిస్టరు అట్ట తుడుస్తోంది.

“మెషిన్ వదిలి వచ్చావేంటి అమ్మాయ్? తనిఖీ ఆవిడ పావుగంటలో ఇక్కడుంటుంది.”

“నా సూది కావాలి మేడం.”

“మళ్లీ మొదలా? సాయంత్రం గేటు దగ్గర ఇస్తానన్నాను, ఇచ్చాను కదా రోజూ? పొద్దున్నే తిరిగి అంటించాను కదా? రిజిస్టరులో లేని సూది ఈ హాల్లో తిరగడానికి వీల్లేదు. ఆరు నూరైనా సరే.” మేడం గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు. “ఇరవై రెండేళ్లు. నా చేతిమీదుగా పోయిన గౌన్లలో ఒక్క పసిబిడ్డకి ఒక్క సూదిముక్క గుచ్చుకోలేదు. ఆ సంగతి నీకు తెలుసా?”

“తెలుసు మేడం.”

“తెలిసి కూడా నీ ఒక్కదాని కోసం నిబంధన పక్కన పెట్టమంటావా?”

కిందటివారం అడిగింది సరిగ్గా అదే. నాకు మినహాయింపు ఇవ్వండి, నాది వేరే, నాది జబ్బు అని కాళ్లావేళ్లా పడింది. రాయికి దణ్ణం పెట్టినట్టయింది. ఆ తర్వాత వారం రోజులు కాజాలు కుడుతూ అదే ఆలోచించింది. ఈ మేడానికి మనుషులంటే నమ్మకం లేదు. నమ్మకం ఉన్నది ఒక్కదానిమీదే.

“పక్కన పెట్టొద్దు మేడం,” అంది, ఒక్కో మాటా కూడదీసుకుని. “రిజిస్టరు తియ్యండి. నాకు సూది రాయండి.”

అయస్కాంతం మేడం రెప్పలు టపటపా కొట్టింది. ఇరవై రెండేళ్లలో రాయొద్దని బతిమాలినవాళ్లే గానీ, రాయమని నిలదీసినవాళ్లు లేరు.

“ఏ మెషిన్‌కి?”

“నాకు.”

“మెషిన్ నంబరు గడి ఖాళీగా వదలకూడదు.”

“పొట్ట అని రాయండి. ఒకటే ఉంది, నంబరు అక్కర్లేదు.”

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. మెషిన్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.

“పాత సూది ఇవ్వకుండా కొత్తది ఇచ్చే పద్ధతి లేదు ఇక్కడ.”

“పాతది లేదు, ఇదే మొదటిది. పని అవ్వగానే ముక్క తగ్గకుండా మీ చేతికే ఇస్తా. ఇవ్వకపోతే హాలంతా ఆపేసి వెతికించండి.”

“అమ్మాయ్, నీ మాట ఏంటి అలా...” మేడం అప్పుడు చూసింది. అప్పటిదాకా ఆవిడ చూసింది నియమాన్ని, మనిషిని కాదు. పెదవి చూసింది, మెడమీద చెయ్యి పెట్టుకుని మింగుతున్న తీరు చూసింది.

“మా నాన్నకీ ఇలాగే మొదలైంది మేడం. పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆయన కూర్చున్నాడు. నేను కూర్చోను. మీరు తాళం తియ్యకపోతే ఈ అద్దం పగలగొడతా. ఆ తర్వాత సూదులతోపాటు గాజుముక్కలు కూడా మీరే ఏరుకోవాలి.”

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ పూట హాల్లో ఇద్దరు మొండివాళ్లున్నారు, అందులో ఒకరికి ప్రాణంమీదికి వచ్చింది. మేడం మొలలోంచి తాళంచెవులు తీసింది. ఒక చేత్తో తాళం తీస్తూనే రెండో చేత్తో రాసింది. సమయం, పది పన్నెండు. మెషిన్, పొట్ట. పని, వాపు. “సంతకం,” అంది. కాజాలమ్మాయి సంతకం పెట్టింది.

పేజీ తిప్పారు. అక్కడ ఇద్దరూ ఆగిపోయారు.

సూదిగొట్టం మూతిమీద పల్చటి కాగితం సీలు ఉంటుంది. దాన్ని వేసుకునేముందే తియ్యాలి. రోజూ గొట్టం నడుముకే అంటించే మేడం, ఆ రోజు తనిఖీ అని సీలుమీదుగా కూడా టేపు రెండు వరసలు గట్టిగా లాగి అంటించింది. టేపు పీకితే సీలు ఊడొస్తుంది. సీలు ఊడితే మందు వచ్చేలోపు లోపలి సూదికి దుమ్మూ ధూళీ తగులుతుంది. మేడం గోరుతో అంచు లేపి చూసింది. కాగితం కూడా లేస్తోంది. వదిలేసింది.

“ఇది నేను చేసిందే,” అంది మేడం, ఎవరితోనో చెబుతున్నట్టు.

తర్వాత ఆవిడ చేసిన పని గురించి ఆ ఫ్యాక్టరీలో ఇంకో ఇరవై ఏళ్లు చెప్పుకుంటారు. బల్లమీది కత్తెర అందుకుంది. ఇరవై రెండేళ్లుగా ఒక్క కొట్టివేత లేని, ఒక్క మూల మడతపడని ఆ రిజిస్టరు పేజీలోకి కత్తెర దించి, సూదిగొట్టం చుట్టూ చతురస్రంగా కత్తిరించేసింది. టేపు, కాగితం, గొట్టం కలిపి ఆ ముక్కని అమ్మాయి అరచేతిలో పెట్టింది. సీలు చెక్కుచెదరలేదు.

పేజీలో కన్నంలోంచి బల్ల చెక్క కనబడుతోంది.

అప్పటికే కాలర్లక్క డబ్బా పట్టుకుని రొప్పుతూ వచ్చింది. ఎవరో స్టూలు జరిపారు, ఎవరో నీళ్లూ సబ్బూ తెచ్చారు. కాజాలమ్మాయి చేతులు కడుక్కుంది. సిరంజిని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. నీళ్లలా తేటగా ఉంది, నలక లేదు. గొట్టం సీలు మేడం కత్తెర మొనతో టేపు పక్కనించి ఒలిచి, సూదిని తాకకుండా పట్టుకుంది. అమ్మాయి సిరంజి మూతి తీసి సూదిని గట్టిగా బిగించింది. చొక్కా అంచు ఎత్తి, బొడ్డుకి నాలుగు వేళ్ల దూరంలో, మచ్చా గాయం లేని చోటు చూసుకుని దూదితో తుడిచింది. ఎడమచేత్తో చర్మం మడత పట్టుకుంది.

అక్కడ ఆగింది. స్పాంజి ముక్క కాదిది. చెయ్యి ముందుకి పోవట్లేదు.

“నేను వెయ్యనా?” అంది మేడం మెల్లిగా. “సూదిమీద నా చెయ్యి తిరిగినంతగా...”

“వద్దు మేడం. రేపు మీరు లేనప్పుడు కూడా నేనే వేసుకోవాలి.”

ఊపిరి బిగబట్టి గుచ్చుకుంది. చీమ కుట్టినట్టు కూడా లేదు అనను, ఉంది. అయినా అంతే ఉంది.

“ముప్పై లెక్కపెట్టాలి,” అంది. “అంతసేపూ మెల్లిగా నెట్టాలి. తొందరపడకూడదు.” ఆ ముద్దమాటలతో తను లెక్కపెట్టడం కుదరదు.

“ఒకటి,” అంది కాలర్లక్క గట్టిగా.

“రెండు,” అన్నారు పక్క వరసలోవాళ్లు. మూడుకల్లా హాలు సగం అందుకుంది. పదికల్లా అందరూ. నూట పది మెషిన్లు ఆగిన చోట నూట పది గొంతులు. కాజాలమ్మాయి బొటనవేలు ఒక్కో అంకెకి ఒక్కో పిసరు కిందికి దిగుతోంది. కాలర్లక్క ఆత్రంకొద్దీ “పద్దెనిమిది, ఇరవై” అనేసింది.

“పందొమ్మిది ఏదీ? మింగేశావా?” అంది అయస్కాంతం మేడం. మళ్లీ పందొమ్మిది నుంచి పాడారు.

ముప్పై అనగానే సూది బయటికి వచ్చింది. పడినచోట ఎర్రగా కంది, మంటెత్తింది. అది మామూలేనని నర్సమ్మ ముందే చెప్పింది గనక కంగారుపడలేదు. వాడిన సూదిని చూపించి, “పూర్తిగా ఉంది, చూసుకోండి మేడం” అంది.

మేడం చెయ్యి తనంతట తను టేపువైపు పోయింది.

“అంటించకూడదు మేడం! ఒంట్లోకి దిగిన సూది. గట్టి మూతున్న డబ్బాలో పడెయ్యాలి.”

మేడం విరిగిన సూదుల ఇనప డబ్బా తెచ్చి స్వయంగా మూత తీసి పట్టుకుంది. సిరంజి లోపల టక్కున పడింది. రిజిస్టరులో ‘తిరిగి ఇచ్చినది: మొత్తం సూది, ఒకటి’ అని రాసి, కింద గీత గీసింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. కాజాలమ్మాయి కూడా నవ్వబోయింది గానీ పెదవి సహకరించలేదు.

“ఇక కాసేపు కూర్చుని...” అంటోంది మేడం.

“కూర్చోకూడదు. గొంతు వాపైతే సూది వేసుకున్నా సరే, తగ్గినట్టున్నా సరే, తిన్నగా ఆసుపత్రికి పోవాల్సిందే. డాక్టరమ్మ మొదటి మాటే అది.”

“అయితే నా కారు కిందే ఉంది,” అంది ఒక కొత్త గొంతు.

తనిఖీకి వచ్చినావిడ. గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటినుంచి అని ఎవరికీ తెలియదు. ఆ పదిహేడు, పద్దెనిమిదుల్లో ఆవిడ గొంతు కూడా ఉందని కాలర్లక్క తర్వాత ఒట్టేసి చెప్పింది. అయస్కాంతం మేడం ఆవిడని చూసింది, ఆగిపోయిన మెషిన్లని చూసింది, బల్లమీద కన్నంపడ్డ రిజిస్టరుని చూసింది. ఇంకో రోజైతే ఆ మూడింటికే ఆవిడ గుండె ఆగేది. ఆ రిజిస్టరు చంకన పెట్టుకుని, అమ్మాయి భుజంచుట్టూ చెయ్యి వేసి, “మీరు హాలు చూస్తూ ఉండండి, అడిగినవన్నీ కాలర్లక్క చూపిస్తుంది,” అని మెట్లు దిగింది. తనిఖీ రోజున మేడం హాలు వదలడం చరిత్రలో అదే మొదలు.

ఆసుపత్రి మంచంమీద తల ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టారు. వేలికి క్లిప్పు తగిలించారు. గొంతులోకి లైటు వేసి చూశారు, పక్క బల్లమీద గొట్టాలు సిద్ధంగా పెట్టుకున్నారు. పదకొండు దాటింది. పదకొండుంబావుకి నాలుక తనదేనని మళ్లీ అనిపించింది. నర్సమ్మ చెంచాడు నీళ్లిచ్చింది. గుటక వేసింది. దారిలో ఎవరూ అడ్డం లేరు. ఆ నీళ్లకున్నంత రుచి ఆవిడకి జన్మలో ఇంక దేంట్లోనూ దొరకలేదు. ఆనందంతో ఏడుపొచ్చింది. నాన్న ఓడిపోయిన చోట తను గెలిచింది. కుర్చీలో కూర్చోకుండా లేచింది కాబట్టి గెలిచింది.

డాక్టరమ్మ వచ్చి, “ఎన్నింటికి మొదలైంది? ఎన్నింటికి వేసుకున్నావు? సరిగ్గా కావాలి,” అంది.

అయస్కాంతం మేడం చంకలోంచి రిజిస్టరు తీసి తెరిచింది. “జలదరింపు పది రెండు. సూది ఇచ్చింది పది పన్నెండు. ముప్పై లెక్క పూర్తయింది పది పందొమ్మిది. సూది పూర్తిగా తిరిగి వచ్చింది.”

డాక్టరమ్మ కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూసింది. “ఇంత శుభ్రంగా ఏ పేషెంటూ చెప్పలేదు నాకు. ఈ కన్నం ఏంటి?”

మేడం జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏదీ దాచలేదు. డాక్టరమ్మ ముఖం మొదట ఎర్రబడింది, తర్వాత ఆవిడకే నవ్వాగలేదు.

“మందు ఒకచోట, సూది ఒకచోట. బాగుందండీ. గొడుగు ఇంట్లో, కర్ర ఆఫీసులో పెట్టుకున్నట్టు.” అమ్మాయివైపు తిరిగి, “నువ్వేం తక్కువ తినలేదు. రెండో ఇంజక్షన్ ఎక్కడుంది?”

“ఇంట్లో...”

“ఇల్లు నీ వెంట వస్తుందా? రెండూ నీ దగ్గరే ఉండాలి, ఎక్కడికెళ్తే అక్కడికి. ఎండలో పెట్టకు, గడ్డకట్టేలా పెట్టకు. తగ్గకపోయినా, మళ్లీ వాచినా ఆరు గంటలు దాటాక రెండోది. అది కూడా మమ్మల్ని అడిగాకే. సరేనా?” అని తల నిమిరింది. “చాలా బాగా చేశావు.”

అంతలో మేడం ఫోను మోగింది. కాలర్లక్క గొంతు మంచం దాకా వినిపించింది. తనిఖీ ఆవిడ సంతకం పెట్టిందట, సరుకు కదులుతోందట. అయితే ఒక వ్యాఖ్య రాసిందట. ‘మనిషి ప్రాణానికి కావలసిన సూది ఆ మనిషి దగ్గరే ఉండాలి. రిజిస్టరులో రాయండి, బీరువాలో పెట్టకండి.’

మేడంమీద పడిన మొట్టమొదటి మచ్చ అది. ఆవిడ ఫోను పెట్టేసింది.

“రాయాల్సిందే,” అంది. “తప్పు నాదే. ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లల కోసం ఇన్నేళ్లు కాపలా కాశాను. నువ్వూ ఒకరి పిల్లవేనని తోచలేదు నాకు. క్షమించమ్మా.” మాట పూర్తికాకుండానే కొంగుతో ముక్కు తుడుచుకుని, రిజిస్టరులో కొత్త పేజీ తీసి గీతలు గియ్యడం మొదలుపెట్టింది. పైన ‘మనుషుల సూదులు’ అని రాసింది.

ఇక్కడితో ఆపేస్తే మీరూ నేనూ హాయిగా నిద్రపోవచ్చు. కానీ సూదికోసం సోదికెళ్తే పాతవన్నీ బయటపడతాయని ఊరికే అనలేదు పెద్దలు.

కబురందుకున్న అమ్మ స్టీలు డబ్బా పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. కూతురి మొహం అటూ ఇటూ తిప్పి చూసుకుని, కుదుటపడి కూర్చుంది. డాక్టరమ్మ కాగితం తీసింది.

“ఇది రక్తంలో వచ్చే జబ్బని చెప్పాను కదా. వీళ్ల నాన్నగారికి తోబుట్టువులెవరైనా ఉన్నారా?”

అమ్మ కూతురి దుప్పటి సర్దింది.

“అత్త ఉంది,” అంది కూతురు.

“లేదు,” అంది అమ్మ. “నాకు లేదు. ఆయన పోయిన రోజు వాచిన మూతి చూసి, అందరి ముందూ, నేనేదో పెట్టి చంపానంది. పదకొండేళ్లయింది. ఆ గడప తొక్కలేదు, తొక్కను.”

“ఆవిడకి కూడా ఇది ఉండటానికి సగానికి సగం అవకాశం ఉందమ్మా. పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. లేకపోతే సంతోషం. ఉండి కూడా తెలియకపోతే...” అంది డాక్టరమ్మ.

“అమ్మా,” అంది కూతురు. “నాన్నని చంపింది ఏంటో అత్తకి తెలియదు. అప్పుడు నీకూ తెలియదు. ఇప్పుడు మనకి తెలుసు.”

అమ్మ ఒళ్లోని డబ్బా మూతని తెరిచి మూసి, తెరిచి మూసింది.

“ఉంగరం ఇరుక్కుపోయేది దానికి,” అంది చివరికి, నేలచూపులతో. “నా పెళ్లైన కొత్తలో. పొద్దున లేచేసరికి చెయ్యి బన్నులా ఉబ్బేది. నేనే సబ్బు రాసి మెల్లిగా తీసేదాన్ని. మూడు రోజుల్లో దానంతటదే పోయేది.” తలెత్తింది. “అది కూడా ఇదేనా డాక్టరుగారూ?”

డాక్టరమ్మ ఫోను వైపు చూపించింది.

ఏ పుస్తకంలోనూ రాసిలేని నంబరుని, పదకొండేళ్లు పేరు కూడా ఎత్తని మనిషి నంబరుని, అమ్మ తడుముకోకుండా గడగడా చెప్పేసింది. కూతురు నొక్కింది. చాలాసేపు మోగింది. ఇక పెట్టేద్దామనుకునేసరికి ఎవరో ఎత్తారు.

“ఎవళూ...” అంది ఆ గొంతు.

ముద్దగా, బరువుగా, నోరు నిండా దూది కుక్కుకున్నట్టున్న మాట. ఆ పూటే, పది గంటల రెండు నిమిషాలకి, తన నోట్లోంచి వచ్చిన గొంతే అది.

“అత్తా, నేను. మీ అన్నయ్య కూతుర్ని. మాట్లాడకు, నేను చెప్పేది విను. నాలుక వాచిందా? అవునంటే ఫోనుమీద వేలితో ఒకసారి కొట్టు.”

టక్.

మంచం పక్కన డాక్టరమ్మ అప్పటికే రెండో ఫోను అందుకుంది.

“ఇంట్లో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఒకటి, లేకపోతే రెండు.”

టక్. కాసేపు ఆగి, టక్.

“అంబులెన్సుకి అడ్రసు కావాలి,” అంది డాక్టరమ్మ. అమ్మ ఒక్క అంగలో ఆవిడ పక్కకొచ్చి ఫోను లాక్కుంది. వీధి చెప్పింది, మలుపు చెప్పింది, నీలం తలుపు, మూడో మెట్టు విరిగి ఉంటుంది చూసుకోండి అని కూడా చెప్పింది.

“వస్తున్నారు అత్తా. అమ్మే పంపిస్తోంది. పడుకోకు. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. లేచి తలుపు గడియ తీసిపెట్టు. ఫోను చేతిలోనే పట్టుకో.”

కుర్చీ కిర్రుమంది. తర్వాత అడుగులు. అయస్కాంతం మేడం తెలియకుండానే వేళ్లు ముడుస్తోంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

అయిదో అడుగు వినిపించలేదు.